ఇంగ్లీషు సార్ పోయాక: ఒక పదో తరగతితో చేసిన పని, కేస్ స్టడీ

కేసు ఎలా వచ్చింది

డిసెంబరు మొదట్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్మాస్టరు గారు ఫోన్ చేశారు. నేను హన్మకొండలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఆయన చెప్పిన సమస్య ఇది: "మేడం, మా పదో తరగతి పిల్లలు ఇంగ్లీషు పీరియడ్‌ల పుస్తకం తీస్తలేరు. గొడవ చేస్తలేరు, ఎదురు మాట్లాడుతలేరు. ఊకె కూసుంటున్నరు. మార్చిల పరీక్షలున్నయి. మీరొచ్చి ఒక మోటివేషన్ క్లాస్ చెప్తే బాగుంటది."

అంతకు రెండు వారాల ముందు ఆ బడి ఇంగ్లీషు సార్ గుండెపోటుతో చనిపోయారు. మోటివేషన్ క్లాస్ ఇప్పుడు వద్దని, ముందు టీచర్లతో, తర్వాత పిల్లలతో కూర్చుంటానని చెప్పాను. హెడ్మాస్టరు గారు ఒప్పుకున్నారు. పరీక్షల టెన్షన్ ఆయన మీద ఎంత ఉందో నాకు తెలుసు. అయినా స్పెషల్ క్లాసుల నుంచి వారానికి ఒక గంట తీసి నాకిచ్చారు. ఈ పని సాగడానికి మొదటి కారణం ఆ గంట.

సార్ భార్య, హెడ్మాస్టరు, పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేర్లు, ఊరు రాయడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను. మన వైపు బళ్ళలో పనిచేసే టీచర్లకు, కౌన్సెలర్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

సార్ ఆ పిల్లలకు ఏమవుతారు

ఇది తెలుసుకోకపోతే కేసే అర్థం కాదు. ఆయనకు యాభై రెండేళ్ళు. అంతకుముందు ఏటూరునాగారం వైపు పనిచేసి, ఈ బడికి వచ్చి పదకొండేళ్ళయింది. రోజూ హన్మకొండ నుంచి బండి మీద వచ్చేవారు. తరగతిలో ముప్పై ఎనిమిది మంది. వీళ్ళలో సగం మంది అన్నలకు, అక్కలకు కూడా ఆయనే చదువు చెప్పారు.

2022-23లో మన తెలంగాణలో సర్కారు బళ్ళలో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం మొదలైనప్పుడు ఈ పిల్లలు ఎనిమిదిలో ఉన్నారు. అప్పటిదాకా తెలుగులో చదివిన సైన్సు, సోషలు ఒక్కసారిగా ఇంగ్లీషులోకి మారాయి. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఇచ్చారు. పిల్లలు తెలుగు పేజీ చదివి ఇంగ్లీషు పేజీ వదిలేస్తున్నారని సార్ గమనించారు. అప్పటినుంచి ప్రేయర్‌కు అరగంట ముందే వచ్చి ఆ రోజు సైన్సు పాఠం ఇంగ్లీషు పేజీని వాళ్ళతో బయటికి చదివించేవారు. ఆ పని ఎవరూ ఆయనకు అప్పజెప్పలేదు. ఫిజిక్స్ సార్ నాతో అన్న మాట: "నా సబ్జెక్టు సగం ఆయనే చెప్పిండు మేడం. నేను లెక్కలు చేయించిన, అంతే."

పదో తరగతి ఇంగ్లీషు పేపర్లో ఉత్తరం, డైరీ, సంభాషణ, వర్ణన, బయోగ్రాఫికల్ స్కెచ్ లాంటివి రాయాలి. టీచర్లు వీటిని డిస్కోర్సులు అంటారు. చాలా చోట్ల గైడు చూసి బట్టీ పట్టిస్తారు. ఈయన బట్టీ పట్టనిచ్చేవారు కాదు. వర్ణన రాయాలంటే బతుకమ్మ పేర్చే రోజున ఇంట్లో కూర్చుని తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు ఏ వరసలో పెట్టారో చూసి రాయాలి. ఒక పని చేసే విధానం రాయాలంటే సంక్రాంతికి అమ్మ సకినాలు చుట్టేటప్పుడు పక్కన కూర్చుని రాయాలి. ఉత్తరమంటే నిజంగా పోస్టు చేసే ఉత్తరం. సాయంత్రం బస్సు ఊరి క్రాస్‌రోడ్డు దగ్గర ఆగడం లేదని, ఆడపిల్లలు నడిచి పోవలసి వస్తోందని తొమ్మిదో తరగతిలో వీళ్ళతోనే డిపో మేనేజరుకు ఇంగ్లీషులో ఉత్తరం రాయించారు. బస్సు ఆగడం మొదలైంది. ఆ సంగతి నాకు చెప్పని పిల్లలు ఆ క్లాసులో లేరు.

నోటుబుక్కులు పెన్సిల్‌తో దిద్దేవారు. తప్పు కొట్టేసేవారు కాదు. తప్పున్న చోట కింద సన్నని గీత గీసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టేవారు. తప్పేమిటో పిల్లలే కనుక్కుని, సరిచేసి, ఆ గీత చెరిపేసి మళ్ళీ చూపించాలి. ఈ పెన్సిల్ సంగతి ముందుముందు మళ్ళీ వస్తుంది.

మొదటి పది రోజులు

పిల్లలకు ఎవరూ చెప్పలేదు. సార్ రాత్రి చనిపోయారు. తెల్లారేసరికి పూర్వ విద్యార్థుల వాట్సాప్ స్టేటస్‌లలో దండ వేసిన ఫొటో కనిపించింది. చాలామందికి అట్లా తెలిసింది. బడికి వస్తే ప్రేయర్‌లో రెండు నిమిషాల మౌనం, ఆ తర్వాత సెలవు. టీచర్లంతా హన్మకొండ వెళ్ళారు. పిల్లల్ని తీసుకెళ్ళలేదు. భయపడతారని ఇంట్లో వాళ్ళు కూడా వద్దన్నారు. నలుగురు మగపిల్లలు ఎవరి బండో అడిగి తీసుకుని పోయారు. గేటు దగ్గర బంధువు ఒకాయన "మీరేమైతరు?" అని అడిగారట. ఏం చెప్పాలో తెలియక బయటే నిలబడి, పాడె లేచేదాకా ఉండి వచ్చేశారు.

మన దగ్గర చావు ఇంట్లో ఎవరి పని ఏమిటో అందరికీ తెలుసు. పిట్టకు పెట్టే రోజు ఎవరు పోవాలి, తల ఎవరు తీయించుకోవాలి, పెద్ద కర్మ నాడు బట్టలు ఎవరు పెట్టాలి, అన్నీ చుట్టరికాన్ని బట్టి నడుస్తాయి. ఆ పనుల్లో తిరుగుతూనే మనిషి పోయాడన్న సంగతి మనసుకు ఎక్కుతుంది. మూడేళ్ళు రోజూ పొద్దున ఆయన ముందు కూర్చున్న పిల్లకు ఆ వరసలో చోటు లేదు. లోకం గుర్తించని ఇట్లాంటి దుఃఖం గురించి అమెరికాలో కెన్నెత్ డోకా అనే ఆచార్యుడు 1980లలోనే రాశారు. బాధ ఉంటుంది, దాన్ని బాధగా ఒప్పుకునే వాళ్ళుండరు. టీచర్, స్నేహితుడు, పాత ఇంటి ఓనరు, ఇట్లా చుట్టరికం లేని వాళ్ళు పోయినప్పుడు ఎక్కువగా ఇదే జరుగుతుంది.

పదకొండో రోజున బడిలో సంతాప సభ పెట్టారు. పెద్ద ఫ్లెక్సీ, వేదిక మీద సంఘాల నాయకులు, ఊరి పెద్దలు, పూర్వ విద్యార్థులు. అందరూ ఆయన గొప్ప మనిషని చెప్పారు. పిల్లలు రెండు గంటలకు పైగా కింద కూర్చున్నారు. ఒక్క పిల్లను కూడా మైకు దగ్గరికి పిలవలేదు. చెడ్డ ఉద్దేశం ఎవరికీ లేదు. పిలవాలన్న ఆలోచనే రాలేదు, అంతే. కానీ పిల్లలు పుస్తకం తీయడం మానేసింది ఆ మర్నాటి నుంచేనని హాజరు పట్టీ పక్కన పెట్టుకుని అడిగితే తేలింది.

నేను చూసింది

ఐదారుగురిని కలిపి చెట్టు కింద కూర్చోబెట్టి మాట్లాడాను. ఏం జరిగిందో, ఎట్లా అనిపించిందో చెప్పి తీరాలని ఎవరినీ అడగలేదు. దుర్ఘటన జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి ఒక్క సిట్టింగులో అంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. దానివల్ల మేలు కనబడలేదని, కొందరికి కీడు కూడా జరగవచ్చని తర్వాతి పరిశీలనల్లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శిలో ఉన్న మాటలు మూడే: చూడు, విను, జోడించు. నేను అదే పాటిస్తాను.

టీచర్లు రెండు విషయాలు అడిగారు. ఒకటి, "ఆటల పీరియడ్‌ల నవ్వుకుంట ఆడుతున్నరు, ఇంగ్లీషు అనంగనే మూతి ముడుస్తున్నరు, ఇది నాటకమా?" నాటకం కాదని వివరించాను. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షూట్ అనే పరిశోధకులు 1999లో చెప్పినట్టు, దుఃఖంలో ఉన్న మనిషి పోయినదాని వైపు కొంతసేపు, బతుకు వైపు కొంతసేపు తిరుగుతూ ఉంటాడు. పిల్లల్లో ఈ తిరుగుడు మరీ తొందరగా, గంటగంటకూ ఉంటుంది. కబడ్డీలో అరిచిన పిల్లవాడే నీళ్ళ ట్యాంకు వెనక ఏడుస్తాడు. రెండూ నిజమే. రెండోది, "ఇప్పుడు వీళ్ళు ఏ స్టేజీల ఉన్నరు?" దుఃఖం ఐదు దశల్లో సాగుతుందన్న సంగతి అందరూ ఎక్కడో విన్నారు. ఎలిజబెత్ కుబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో దాన్ని రాసింది చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి. ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ళంతా ఆ మెట్లు వరసగా ఎక్కుతారని అనుకుంటే పిల్లల్ని తప్పుగా కొలుస్తాం. నేను ఎక్కువగా ఆధారపడేది విలియం వర్డెన్ అనే సైకాలజిస్టు చెప్పిన నాలుగు పనుల మీద: పోయారన్నది ఒప్పుకోవడం, ఆ నొప్పిని అనుభవించడం, ఆయన లేని బడికి అలవాటు పడటం, ఆయనతో ఒక కొత్త బంధం నిలుపుకుంటూ ముందుకు పోవడం. అవి పనులు కాబట్టి చేయడానికి చోటు, సమయం, తోడు ఇవ్వవచ్చు.

ముప్పై ఎనిమిది మందిలో ఎక్కువమందిది మామూలు దుఃఖమే. విడిగా చూడాల్సిన వాళ్ళు ఇద్దరు తేలారు. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి.

అబ్బాయి

ఇతను వెనక బెంచీలో కూర్చుంటాడు. చదువులో మధ్యస్థం. సార్ బండి నీడకు పెట్టడం, స్టాఫ్ రూమ్ నుంచి నోటుబుక్కులు మోసుకురావడం ఇతని పని. సంతాప సభ నుంచి రాత్రి నిద్ర లేదని వాళ్ళమ్మ చెప్పింది. బడికి మామూలు దారిలో రాకుండా చెరువు కట్ట మీదుగా చుట్టూ తిరిగి వస్తున్నాడని కూడా ఆమే చెప్పింది. మామూలు దారిలో ఏముందని అడిగాను. కిరాణా దుకాణం ఉంది.

రెండోసారి కలిసినప్పుడు నోరు విప్పాడు. చనిపోయిన రోజు పొద్దున సార్ లాబ్ మెట్ల మీద కూర్చున్నారు. చలికాలం పొద్దున, ముఖం నిండా చెమట. ఇతను నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. సార్ "ఏం లేదురా, గ్యాస్" అని పది రూపాయలు ఇచ్చి కిరాణా దుకాణం నుంచి ఈనో ప్యాకెట్ తెమ్మన్నారు. తెచ్చాడు. తాగి, రెండు పీరియడ్లు చెప్పారు. రాత్రికి పోయారు. "నేను ఈనో తెచ్చిచ్చిన మేడం. దవాఖానకు పొమ్మని చెప్పలే. ఎవ్వరికీ చెప్పలే. సారును నేనే సంపిన" అన్నాడు.

ఇట్లాంటి మాట వినగానే "ఛ, నీ తప్పేం లేదు" అనాలనిపిస్తుంది. అప్పుడే అంటే పిల్లవాడు తల ఊపి ఇంటికి పోయి మళ్ళీ అదే అనుకుంటాడు. లోపల ఉన్న లెక్క వాడిదే కాబట్టి వాడే తిరిగి వేసుకోవాలి. ఒక తెల్ల కాగితం మీద ఆ రోజును గంటల వారీగా ఇద్దరం గీశాం. ఏ గంటకు సార్ ఎక్కడ ఉన్నారు, అప్పుడు ఎవరు చూశారు? ఫిజిక్స్ సార్ స్టాఫ్ రూమ్‌లో చూశారు. మధ్యాహ్న భోజనం వండే అమ్మ "అన్నం తింటలేరేంది సారూ" అని అడిగింది. హెడ్మాస్టరు "ఇంటికి పోయి పండుకోండి" అన్నారు. కాగితం నిండేసరికి పెద్దవాళ్ళ పేర్లే ఎక్కువ ఉన్నాయి. వాడు చాలాసేపు దాన్ని చూసి, "గీళ్ళందరు కూడా చూసిన్రా?" అన్నాడు.

తర్వాత మండల ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు గారిని అడిగి అతన్ని తీసుకెళ్ళాను. ఆయన ఓపిగ్గా బొమ్మ గీసి చెప్పారు: గుండెకు రక్తం అందనప్పుడు నొప్పి ఛాతీలోనే రావాలని లేదు, పొట్ట పైభాగంలో మంటలా రావచ్చు, దవడకో భుజానికో పాకవచ్చు, చెమటలు పట్టవచ్చు. బాగా చదువుకున్న వాళ్ళు కూడా గ్యాస్ అనుకుని పోగొట్టుకున్న ప్రాణాలు తాను చూశానన్నారు. చివరికి ఒక ప్రశ్న అడిగారు. "నువ్వు దవాఖానకు పోదాం పా సారూ అని చెప్పి ఉంటే, మీ సారు వినేటోడా?" అబ్బాయికి మొదటిసారి నవ్వొచ్చింది. "వినకపోవు. మా సారు ఎవ్వల మాట వినడు."

అతనికి ఇంకో బరువు ఉంది. ఈనో సంగతి సార్ భార్యకు చెప్పాలి. ఇది తొందరపడి చేయకూడని పని. ఆమె దుఃఖం ఆమెది, పిల్లవాడి నేరభావాన్ని ఆమె మీద దింపకూడదు. ముందు నేను ఒక్కదాన్నే వెళ్ళి, ఏం వింటారో చెప్పి, వినగలరా అని అడిగాను. ఆమె రమ్మన్నారు. వాడు చెప్పిందంతా విని ఆమె అన్న మాట ఇది: "నాకు గూడ గ్యాసే అన్నడు బిడ్డా. నేను గూడ మజ్జిగ ఇచ్చిన." ఇద్దరూ ఏడ్చారు. ఆ తర్వాత అతను కిరాణా దుకాణం దారిలోనే బడికి వచ్చాడు.

బడిలో సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స, నేర్పించాలని హెడ్మాస్టరు గారు అప్పటికే అనుకుంటున్నారు. మంచి ఆలోచనే, కానీ ఈ తరగతికి సంక్రాంతి సెలవులు అయ్యేదాకా ఆగమన్నాను. నేరభావం తగ్గకముందే నేర్పితే "ఇది అప్పుడే తెలిసి ఉంటే" అన్న ఇంకో ముల్లు దిగుతుంది. జనవరి చివర్లో ఆరోగ్య కేంద్రం వాళ్ళు వచ్చి బొమ్మ మీద నేర్పారు: ముందు 108కు ఫోన్, ఆ తర్వాత ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సుమారు 5 సెంటీమీటర్ల లోతుకు నొక్కడం. అబ్బాయి ముందు వరసలో నిలబడి నేర్చుకున్నాడు.

నోటుబుక్కులు

తరగతి మొత్తంతో పని మొదలైంది ఇక్కడే. సార్ బీరువాలో పదో తరగతి నోటుబుక్కుల కట్ట ఉండిపోయింది. తాళంచెవి ఆయన బ్యాగులో, ఆయన భార్య దగ్గర ఉంది. ఆమె పంపగానే తెరిచాం. ఇరవై ఒకటి దిద్ది ఉన్నాయి, పదిహేడు దిద్దలేదు.

డిప్యుటేషన్ మీద వచ్చిన ఇంగ్లీషు మేడం మిగతావి తాను దిద్దుతానన్నారు. పిల్లలు ఒప్పుకోలేదు. అట్లాగే ఉంచుతామని కొందరు, దిద్దని పుస్తకం ఎందుకని కొందరు వాదించుకున్నారు. ఇన్నాళ్ళ తర్వాత ఆ తరగతిలో ఇంగ్లీషు నోటుబుక్కు గురించి మాట వినబడటం అదే మొదలు. ఎవరి పుస్తకం వాళ్ళకు ఇచ్చేసి ఒక వారం ఆగుదామన్నాను.

దారి చూపింది ఆ మేడమే. ఇక్కడ ఆమె గురించి కొంచెం చెప్పాలి. ఆమె వారంలో మూడు రోజులు ఈ బడి, మూడు రోజులు పక్క ఊరి బడి చూస్తున్నారు. వచ్చిన రోజు నుంచి "మా సారు గిట్ల చెప్పకపోవు" అన్న మాటే వింటున్నారు. సార్ కుర్చీలో ఒక్కరోజూ కూర్చోలేదు, నిలబడే పాఠం చెబుతున్నారు. పోయినవాళ్ళ చోటికి వచ్చిన మనిషి మీద ఎంత బరువు ఉంటుందో బళ్ళలో ఎవరూ ఆలోచించరు. పిల్లల కోపం ఆమె మీద కాదని, ఆమె వచ్చారంటే సార్ ఇక రారన్నది ఖాయమైనందుకని నేను ఆమెతో విడిగా మాట్లాడాను. ఆమె ఒక వారం ఆలోచించి, తరగతిలోకి వెళ్ళి పిల్లల్ని అడిగారు: "మీ సారు పెన్సిల్‌తో ఎట్ల దిద్దుతరో నాకు తెల్వదు. నాకు నేర్పుతరా?"

దిద్దిన పుస్తకాలున్న పిల్లలు లేచి బోర్డు మీద వేసి చూపించారు. ఈ గీతకు అర్థం ఇది, రెండు గీతలంటే వాక్యం మొత్తం మళ్ళీ రాయాలి, అంచున చిన్న చుక్క పెడితే బాగుందని. తర్వాత దిద్దిన పుస్తకం ఉన్న ఒకరు, దిద్దని పుస్తకం ఉన్న ఒకరు జతలుగా కూర్చుని, పెన్సిల్‌తో, ఆయన గుర్తులతోనే పదిహేడు పుస్తకాలూ దిద్దారు. మేడం చివర్లో చూసి సంతకం పెట్టారు. ఆ నెలంతా తరగతిలో ప్రతి పనీ పెన్సిల్‌తోనే నడిచింది. సార్ ఫొటోకు రోజూ దండ మార్చడం కంటే ఈ పెన్సిల్ పని పిల్లలకు మేలు చేసిందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆయన నేర్పింది తమ చేతుల్లోనే ఉందని వాళ్ళు అప్పుడు చూసుకున్నారు.

బయోగ్రాఫికల్ స్కెచ్

సంక్రాంతి తర్వాత మేడం, నేను కలిసి ఒక పని వేశాం. పరీక్షలో బయోగ్రాఫికల్ స్కెచ్‌కు ఆధారాలు ఇస్తారు: పుట్టిన తేదీ, ఊరు, తల్లిదండ్రులు, చదువు, చేసిన పనులు. ఆ పట్టికను ఖాళీగా బోర్డు మీద వేసి, పైన సార్ పేరు రాశాం. నింపమన్నాం.

పిల్లలు నింపలేకపోయారు. ఆయన బండి నంబరు తెలుసు, చాయ్‌లో చక్కెర వేసుకోరని తెలుసు, ఏ పాఠం చెప్పేటప్పుడు గొంతు పెంచుతారో తెలుసు. ఎక్కడ పుట్టారో, ఏ బళ్ళో చదివారో తెలియదు. నాలుగు జట్లుగా విడిపోయి అడగడానికి బయలుదేరారు. గేటు దగ్గర నిలబడి వచ్చిన నలుగురు మగపిల్లలు సార్ ఇంటికి వెళ్ళే జట్టు తమదే కావాలన్నారు. ఈసారి నోటుబుక్కు పట్టుకుని, ప్రశ్నలు రాసుకుని లోపలికి వెళ్ళారు. ఏమవుతారని అడిగేవాళ్ళు లేరు. చాయ్ తాగి వచ్చారు.

సార్ తండ్రి వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవారట. ఆ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సార్ పిల్లవాడిగా ఉన్నప్పుడు మగ్గం దగ్గరికి బయటి రాష్ట్రాల వ్యాపారుల నుంచి ఇంగ్లీషు ఉత్తరాలు వచ్చేవి. చదివి జవాబు రాసేవాళ్ళు వాడలో తక్కువ. హైస్కూల్లో ఉండగానే డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ జవాబులు ఈయన రాసేవారని తమ్ముడు చెప్పారు. సరుకు ఎంత, రంగులేవి, డబ్బు ఎప్పుడు పంపుతారు అన్న ఉత్తరాలు. ఈ సంగతి తరగతిలో చదివి వినిపించినప్పుడు ఒక అమ్మాయి "అందుకేనా మనతోని బస్సు ఉత్తరం రాయించిండు!" అని అరిచింది. ఆయన ఎందుకు అట్లా చెప్పేవారో వాళ్ళకు ఆయన పోయాకే తెలిసింది.

సార్ గురించి మంచే రాయాలా అని ఒకరు అడిగారు. నిజం రాయమన్నాను. పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదన్న మర్యాద పెద్దవాళ్ళ సభల్లో ఉంటుంది, దాని విలువ నేను కాదనను. కానీ పిల్లల మనసులో పూర్తి మనిషి ఉండాలి. మచ్చ లేని దేవుడు మిగిలితే, ఆయన మీద వచ్చిన పాత కోపాలన్నీ పాపాలై తిరిగి వాళ్ళ మీదే పడతాయి. కాబట్టి ఆయన మార్కుల పిసినారి అని రాశారు. తొందరగా కోపం, తొందరగా మరిచిపోవడం అని రాశారు. కిటికీ వైపు కూర్చునే ఆడపిల్లల్ని పేరుతో పిలవకుండా "ఏ కిటికీ" అనేవారని, అది తనకు నచ్చేది కాదని ఒక అమ్మాయి ధైర్యంగా రాసింది. సార్ భార్య అన్నీ చదివారు. మార్కుల దగ్గర "ఇంట్ల గూడ అంతే" అని నవ్వారు.

పూర్వ విద్యార్థులు బడి ముందు విగ్రహం పెట్టాలని అనుకున్నారు. అది వాళ్ళ ఇష్టం. నేను అడిగింది ఒకటే, ఆదివారాలు వచ్చి పిల్లలకు చదువులో తోడు ఉండగలరా అని. ఇద్దరు వచ్చారు, పరీక్షల దాకా మానలేదు.

అమ్మాయి, పరీక్షలు, ఆ తర్వాత

ఈ పనులేవీ అందనిది ఆ అమ్మాయికే. 2021లో కరోనా రెండో వేవ్‌లో ఆమె తండ్రి పోయారు. బాడీని ఇంటికి తీసుకురాలేదు, కడచూపు లేదు. ఆ తర్వాత కాగితాలు నింపడం నుంచి అమ్మమ్మ ఇంటి నుంచి బడికి రప్పించడం దాకా అన్నీ సారే చూశారు. ఈసారి కూడా కడచూపు దొరకలేదు. నోటుబుక్కు జతలో కూర్చుంది కానీ పెన్సిల్ పట్టలేదు. స్కెచ్ రాయలేదు. ఆమెను బలవంతం చేయవద్దని మేడంతో చెప్పాను. వారం వారం విడిగా కలిశాను. మొదట్లో మేం మాట్లాడింది సార్ గురించి కాదు, నాన్న గురించి. కొత్త దుఃఖం కింద పాత దుఃఖం ఉన్నప్పుడు పాతదాన్ని ముందు ముట్టుకోవాలి.

మార్చిలో పరీక్షలు జరిగాయి. ఇంగ్లీషులో ఇద్దరు తప్పారు. ఆ ఇద్దరిలో ఈ అమ్మాయి ఒకరు, సగం పేపరు ఖాళీగా ఇచ్చి వచ్చింది. ఇంకో పిల్లవాడు సప్లిమెంటరీలో గట్టెక్కాడు. పాస్ శాతాన్ని ఈ పని ఫలితంగా నేను చూపించను. తరగతి మళ్ళీ పుస్తకం తీసింది, గొడవ పడింది, నవ్వింది, సార్ పేరు గొంతు తడబడకుండా పలికింది. నేను చూసుకున్న గుర్తులు అవి.

జూన్‌లో, ఆరు నెలలు దాటాక, అందరినీ మళ్ళీ చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల జాబితా 11వ కూర్పులో దీర్ఘకాల దుఃఖ సమస్య అని ఒకటి చేర్చారు. అది 2022 నుంచి అమల్లో ఉంది. కనీసం ఆరు నెలలు గడిచినా పోయినవాళ్ళ కోసం తపన రోజూ మనిషిని పట్టుకుని ఉండి, తిండి, నిద్ర, చదువు, మనుషులతో మెలగడం దెబ్బతింటే ఆ కోవలో ఆలోచించాలి. మన ఆచారాల్లో ఏడాది దాకా దుఃఖం పాటించడం మామూలే కాబట్టి తేదీ ఒక్కటే చూసి రోగం పేరు పెట్టకూడదు. అబ్బాయి పాలిటెక్నిక్‌లో చేరాడు, నిద్ర బాగుంది. మిగతావాళ్ళలో ఎవరికీ ఆ లక్షణాలు లేవు. అమ్మాయి ఇంటర్‌లో చేరలేదు, గది దాటి రావడం తగ్గించింది, సార్ నింపిన కాగితాల ఫైలు తలకింద పెట్టుకుని పడుకుంటోంది. ఆమెను మానసిక వైద్యుల దగ్గరికి పంపాను. అర్ధరాత్రి ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే మానసిక ఆరోగ్యానికి సర్కారు నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, 14416కు ఫోన్ చేయమని ఆమెకూ, అమ్మమ్మకూ నంబరు రాసి ఇచ్చాను. ఒకసారి చేశారు.

సెప్టెంబరు 5న టీచర్స్ డేకు పాత పదో తరగతి బడికి వచ్చింది. ఈసారి వేదిక మీద మాట్లాడింది వాళ్ళే. స్కెచ్‌లన్నీ కుట్టి లైబ్రరీలో పెట్టారు. ఇప్పటి పదో తరగతి వాటిని చదివి, పెన్సిల్‌తో గీతలు గీసి తప్పులు పడుతోందని మేడం చెప్పారు. ఆమెకు ఆ బడిలోనే పూర్తి పోస్టింగ్ వచ్చింది. హెడ్మాస్టరు గారితో కూర్చుని, ఇట్లాంటిది మళ్ళీ జరిగితే ఏం చేయాలో రాసి స్టాఫ్ రూమ్‌లో పెట్టాం: ఫోన్‌లో తెలియకముందే తరగతి టీచరు తరగతిలోనే నిలబడి చెప్పాలి, చూడాలనుకునే పిల్లల్ని ఇంటివాళ్ళ అనుమతితో, టీచరు తోడుతో తీసుకెళ్ళాలి, రాననేవాళ్ళను బలవంతపెట్టకూడదు, సంతాప సభలో పిల్లలు మాట్లాడాలి, ఆ టీచరు వస్తువులు, నోటుబుక్కులు పిల్లలకు చెప్పకుండా తీసేయకూడదు.

టీచర్స్ డేకు అమ్మాయి రాలేదు. పెత్రమాస (పితృ అమావాస్య) నాడు ఫోన్ చేసింది. నాన్న పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు సార్ పేరు కూడా చెప్పవచ్చా అని అడిగింది. అమ్మమ్మను అడుగు అన్నాను. అమ్మమ్మ చెప్పుకోమన్నదట. ఆమె వైద్యం నడుస్తోంది. పదిహేను రోజులకోసారి కలుస్తున్నాం. ఈ ఏడు ఇంగ్లీషు పేపరు మళ్ళీ రాస్తానని ఫీజు కట్టింది.